సాసేజ్ సూపూ, నాన్నగారి ఆవకాయా

ముందే చెప్పేస్తున్నా, నేను వంటవాణ్ణి కాదు. ఇంజనీరింగ్ నాలుగేళ్ళూ హాస్టల్ మెస్సు, ఆ తర్వాత హైదరాబాదులో ఉద్యోగం చేసిన మూడేళ్ళూ కర్రీ పాయింట్లు. ఈ రెండిటి దయవల్ల బతికి బట్టకట్టిన ప్రాణిని. కుక్కర్లో బియ్యం పడేసి మూడు కూతలు లెక్కపెట్టడం వచ్చు. కోడిగుడ్డు పగలగొట్టడం వచ్చు. నా రెజ్యూమేలో ఈ విభాగం కింద రాసుకోడానికి ఇంకేం లేదు.

అలాంటి నేను ఇవాళ జర్మనీ వాళ్ళ సాసేజ్ సూపు గురించి పేజీలకి పేజీలు రాయబోతున్నానంటే కారణం ఆకలి కాదు, భయం.

2022 చివర్లో ఉద్యోగం మీద ష్టుట్‌గార్ట్ వచ్చాను. వచ్చిన కొత్తలో అన్నీ బాగానే ఉన్నాయి. తిండి దగ్గరే తేడా కొట్టింది. సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చేసరికి బయట చీకటి, లోపల బద్ధకం. ఫ్రీజర్లో పిజ్జా ఉంటుంది, పన్నెండు నిమిషాలు ఓవెన్లో పెడితే చాలు. అది విసుగొస్తే వీధి చివర డోనర్ కబాబ్. అదీ విసుగొస్తే అమ్మ పంపిన ఆవకాయా, వేడన్నం. రెండేళ్ళు ఇలాగే గడిచిపోయాయి. ఎనిమిది కిలోలు పెరిగాను. "విదేశంలో నీళ్ళు పడ్డాయిరా" అని మా పిన్ని మెచ్చుకుంది కూడాను.

2025 జనవరిలో ఏదో చిన్న జ్వరానికి డాక్టరు దగ్గరకెళ్తే, ఎలాగూ వచ్చావు కదా అని ఆవిడ రక్తం తీయించింది. ట్రైగ్లిసరైడ్లు 312. ఎల్‌డీఎల్ 158. మంచి కొలెస్ట్రాల్ అనబడే హెచ్‌డీఎల్ 33. ఆవిడ కాగితం చూసి, కళ్ళజోడు తీసి, "ఇంట్లో ఎవరికైనా గుండె జబ్బు ఉందా?" అని అడిగింది.

ఉంది. మా నాన్నకి 2019లో రెండు స్టెంట్లు వేశారు. అప్పటికి ఆయన వయసు 53.

"మూడు నెలలు టైమిస్తున్నాను. తిండి మార్చు. మారకపోతే మాత్రల సంగతి మాట్లాడదాం" అంది. మన మేనేజర్లు డెడ్‌లైన్ చెప్పినట్టే చెప్పింది కానీ, దీన్ని పొడిగించమని అడగడానికి లేదు.

ఇప్పుడు అసలు సిగ్గుపడాల్సిన విషయం. ఆ స్టెంట్లు వేసిన రోజు నుంచీ మా ఇంట్లో హెల్త్ ఇనస్పెక్టర్ని నేనే. గుంటూరు జిల్లా మనిషికి ఆవకాయ మానెయ్యమని చెప్పడం ఎంత పాపమో నాకు తెలుసు. అయినా చెప్పాను. ఫోన్ చేసిన ప్రతిసారీ, "నాన్నా, బీపీ ఎంతుంది? పచ్చడి తిన్నావా? అప్పడాలు మళ్ళీ కొన్నారా?" ఇదే వరస. ఆయన పాపం "లేదురా, మానేశాను" అనేవారు. వెనకనుంచి అమ్మ "అబద్ధం!" అని అరిచేది. నేను క్లాసు పీకేవాణ్ణి.

రిపోర్టు వచ్చిన వారంలో ఆదివారం వీడియో కాల్‌లో కూడా అలాగే పీకుతున్నాను. ఆయన అంతా విని, "సరేగానీ, నువ్వేం తింటున్నావురా?" అని అడిగారు. "అన్నం, పప్పు నాన్నా" అన్నాను. ఆయన ఒక్క క్షణం ఆగి, "నీ వెనకాల ఆ అట్టపెట్టె మీద బొమ్మ పప్పులా లేదే!" అన్నారు.

తిరిగి చూస్తే సలామీ పిజ్జా పెట్టె. ఆయన ఇంకేమీ అనలేదు. అనుంటే బాగుండేది.

ఆ సోమవారం ఆఫీసు క్యాంటీన్లో, జీవితంలో మొదటిసారి, పిజ్జా క్యూ వదిలి పక్క క్యూలో నిలబడ్డాను. అక్కడ మట్టిరంగులో చిక్కగా, కారెట్ ముక్కలతో, పైన రెండు సాసేజ్‌లు వేసి ఏదో ఇస్తున్నారు. చిరుశెనగలంత కూడా లేని గోధుమరంగు పప్పు గింజలు. ఇక్కడి వాళ్ళ, అంటే ష్వాబియన్ల, ఇంటి వంట అది. ష్పెట్స్‌లే అనే గుడ్డుపిండి నూడుల్స్‌తో తింటే ఒక రకం. బంగాళదుంపలూ కూరగాయలూ ఎక్కువేసి నీళ్ళగా కాస్తే సూపు. ఒకే గిన్నెలో అయిపోతుంది కాబట్టి ఐన్‌టోప్ఫ్ అంటారు, "ఒక కుండ" అని అర్థం. ఒక చెంచా నోట్లో పెట్టుకున్నాను. పుల్లగా, పొగ వాసనతో... నిజం చెప్పొద్దూ, కళ్ళు మూసుకుంటే మా అమ్మమ్మ ఇల్లు గుర్తొచ్చింది. పప్పు పుల్లగా ఉంటే మనవాడికి ఇంకేం కావాలి?

సరే, ఇంట్లో చేద్దామనుకున్నాను. ఒక గిన్నె, అన్నీ అందులో పడేయడం, గంట ఉడికించడం. దీనికి డిజైన్ డాక్యుమెంట్ ఎందుకనుకున్నాను.

మొదటి రిలీజ్ సంగతి వినండి. శనివారం సరుకులు తెచ్చుకుని (ఇక్కడ ఆదివారం కొట్లు తెరవరు, ఈ పాఠం కూడా ఆకలి కడుపుతోనే నేర్చుకున్నా), ఆదివారం పొద్దున పప్పు, కూరగాయలు, నాలుగు సాసేజ్‌లు, సూపు పొడి, ఉప్పు, వెనిగర్ అన్నీ ఒకేసారి గిన్నెలో పోసి పొయ్యి వెలిగించాను. గంట అయింది. సాసేజ్‌లు పగిలిపోయి నోళ్ళు తెరుచుకుని తేలుతున్నాయి. కారెట్ గుజ్జయిపోయింది. పప్పు మాత్రం రాళ్ళు! ఇంకో అరగంట ఉడికించాను. రాళ్ళే. రుచి చూస్తే బాపట్ల సముద్రం. అలాగే తిన్నాను. పది యూరోల సరుకు మరి.

మా టీంలో టెస్టింగ్ చూసే పెద్దాయన ఒకాయన ఉన్నారు. రిటైర్మెంటుకి దగ్గరపడ్డ మనిషి. నా కోడ్‌లో తప్పులు పట్టడంలో ఆయనకున్న ఆనందం అంతా ఇంతా కాదు. మర్నాడు కాఫీ దగ్గర ఈ కథ చెప్తే ఆయన నవ్వలేదు. చాలా సీరియస్‌గా, బగ్ రిపోర్టులాగా, ఒక్కొక్కటే చెప్పారు. వెనిగర్ మొదట్లో వేయకూడదు, పప్పు మెత్తబడ్డాకే. సాసేజ్‌ని ఉడికించకూడదు, వేడి చేయాలంతే. అది అప్పటికే వండిన సరుకు. సూపు పొడీ, సాసేజ్, ఉప్పు మూడూ ఉప్పే, ఎవరో ఒకళ్ళని తీసెయ్యి.

సాయంత్రం అమ్మకి ఫోన్ చేసి, "పులుపు ముందేస్తే పప్పు ఉడకదటమ్మా" అని గొప్ప ఆవిష్కరణలా చెప్పాను. అమ్మ "ఓరి నీ చదువు తగలెయ్యా! పప్పు ఉడికాకేరా చింతపండు పులుసు పోసేది. ఇరవై ఎనిమిదేళ్ళు ఏం చూశావు నన్ను?" అంది. గింజల్ని పట్టి ఉంచే పెక్టిన్ పులుపు తగిలితే తొందరగా కరగదు. మెత్తబడేది అది కరిగితేనే. ఈ రసాయన శాస్త్రం అమ్మకి తెలియదు, తెలియాల్సిన అవసరమూ లేదు. తెనాలిలో చింతపండు, ష్టుట్‌గార్ట్‌లో వెనిగర్. అంతే తేడా.

అన్నట్టు ఈ పప్పుకో కథ ఉంది, చెప్పకుండా ఉండలేను. ఇక్కడికి దగ్గర్లో ష్వాబియన్ ఆల్బ్ అనే రాతి నేలల కొండ ప్రాంతం ఉంది. ఇంకేదీ సరిగా పండని ఆ నేలల్లో పూర్వం ఈ పప్పే పండించేవారట. గత శతాబ్దం మధ్యకి గిట్టుబాటు కాక సాగు ఆగిపోయింది, పాత విత్తనాలు కూడా లేకుండా పోయాయి. 1980లలో లౌటెరాఖ్ అనే పల్లెలో వోల్డెమార్ మామెల్ అనే రైతు వేరే రకంతో మళ్ళీ మొదలుపెట్టాడు. కానీ పాత రకం కావాలని వెతుకుతూనే ఉన్నారు. చివరికి 2006లో అవి ఎక్కడ దొరికాయో తెలుసా? రష్యాలో, సెయింట్ పీటర్స్‌బర్గ్‌లోని వావిలోవ్ సంస్థ విత్తన నిధిలో! రెండో ప్రపంచ యుద్ధంలో ఆ ఊరిని జర్మన్ సైన్యాలు ముట్టడించినప్పుడు, చుట్టూ బస్తాల కొద్దీ విత్తనాలున్నా ముట్టుకోకుండా, ఆకలితో చచ్చిపోయారు అక్కడి శాస్త్రవేత్తలు కొందరు. ఏ దేశం సైన్యం వల్ల వాళ్ళు చచ్చారో ఆ దేశం పప్పే అక్కడ భద్రంగా ఉంది. మనం బ్యాకప్‌ల గురించి ఎన్ని ట్రైనింగులు ఇస్తాం! ఇంతకంటే పెద్ద బ్యాకప్ కథ నేను వినలేదు. ఆ ఆల్బ్ పప్పు మామూలుదానికంటే బాగా ఖరీదు. నేను నెలకోసారి కొంటాను, మిగతా వారాలు మామూలు పప్పే.

ఇంతకీ ఇప్పుడు నేను చేసే పద్ధతి. నలుగురికి, లేదా ఒక బ్రహ్మచారికి నాలుగు పూటలకి.

పప్పు పావుకిలో. నానబెట్టక్కర్లేదు, కడిగితే చాలు. కూరగాయలకి ఇక్కడ భలే సదుపాయం ఉంది. సుప్పెన్‌గ్రూన్ అని, మన దగ్గర కూర కొంటే కొసరుగా కరివేపాకు, కొత్తిమీర చుట్టిచ్చినట్టు, సూపుకి కావలసినవన్నీ ఒక కట్టగా కట్టి అమ్ముతారు. రెండు కారెట్లు, లీక్ అని ఉల్లికాడకి పెద్దన్నలాంటిదొకటి, సెలెరీ గడ్డ ముక్క, కాస్త పార్స్‌లీ. ఆ సెలెరీ గడ్డ చూడ్డానికి బురదలోంచి పీకిన కందగడ్డలా భయంకరంగా ఉంటుంది కానీ, సూపుకి వాసనంతా దానిదే. లీక్‌ని మాత్రం నిలువునా చీల్చి కడగాలి, పొరల్లో ఇసుక ఉంటుంది. (ఇది కూడా పంటితోనే నేర్చుకున్నా.)

రెండు చెంచాల నూనెలో ఉల్లిపాయ వేయించి, కారెట్, గడ్డ, లీక్ ముక్కలు వేసి ఐదు నిమిషాలు అడుగు కాస్త రంగు మారేదాకా కలపాలి. ఇక్కడ తొందరపడొద్దు, సూపు పొడి అక్కర్లేకుండా చేసేది ఈ ఐదు నిమిషాలే. ఆ తర్వాత పప్పు, లీటరుంపావు నీళ్ళు, ఒక బిర్యానీ ఆకు. మూతపెట్టి సన్నసెగన ఇరవై నిమిషాలు. అప్పుడు బంగాళదుంప ముక్కలు. ఇంకో ఇరవై నిమిషాలకి పప్పు వేలితో నొక్కితే మెదుగుతుంది. అప్పుడు ఉప్పు, అర చెంచా. పొయ్యి కట్టేసి రెండు చెంచాల వెనిగర్, ఒక చెంచా ఆవముద్ద, మిరియాల పొడి. సాసేజ్‌ని చక్రాల్లా తరిగి అప్పుడు వేసి మూతపెడితే ఐదు నిమిషాల్లో ఆ వేడికే వెచ్చబడుతుంది. పార్స్‌లీ పైన చల్లాలి. ఆవముద్ద వేసేటప్పుడు పోపు గుర్తొచ్చి ప్రాణం లాగుతుంది. ఒకసారి ఇంగువ, ఎండుమిర్చి పోపు పెట్టాను కూడా. బాగుంది. కానీ అది సాంబారయిపోయింది, సూపు కాదు.

మర్నాటికి ఇంకా చిక్కబడి ఇంకా బాగుంటుంది. కాసిని నీళ్ళు కలుపుకోవాలంతే.

ఇప్పుడు మీలో తెలివైనవాళ్ళు అడగబోయే ప్రశ్న. సాసేజ్ వేసి ఆరోగ్యం అంటావేంటి నాయనా? న్యాయమైన ప్రశ్నే. ఏమాటకామాటే చెప్పుకోవాలి, సాసేజ్ ఆరోగ్యకరమైన తిండి కాదు. 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కింద పనిచేసే క్యాన్సర్ పరిశోధనా సంస్థ ప్రాసెస్ చేసిన మాంసాన్ని మనుషుల్లో క్యాన్సర్ కలిగించే వాటి జాబితాలో, మొదటి గ్రూపులో పెట్టింది. రోజూ 50 గ్రాములు తింటే పెద్దపేగు క్యాన్సర్ ముప్పు సుమారు 18 శాతం పెరుగుతుందని లెక్క. ఇది చదివి వందలో పద్దెనిమిది మందికి వస్తుందనుకోకండి. ఉన్న ముప్పుకి అది 18 శాతం కలుస్తుందని అర్థం. సిగరెట్లతో ఒకే గ్రూపులో పెట్టారు కాబట్టి రెండూ సమానమని కూడా కాదు. రుజువు ఎంత గట్టిదో గ్రూపు చెప్తుంది, ప్రమాదం ఎంత పెద్దదో చెప్పదు. సాసేజ్ దేశమైన జర్మనీలోనే పోషకాహార సంఘం 2024లో మాంసమూ సాసేజూ అన్నీ కలిపి వారానికి 300 గ్రాములు దాటొద్దని చెప్పింది.

అందుకే నేను చేసిందల్లా లెక్క మార్చడం. పెట్టె వెనకాల పోషకాల పట్టిక చదవడం నేర్చుకున్నాను. నేను కొనే సాసేజ్‌లో వంద గ్రాములకి ఉప్పు రెండు గ్రాములు. ఇక్కడివాళ్ళు మనిషికి రెండేసి సాసేజ్‌లు వేసుకుంటారు. నేను గిన్నె మొత్తానికి వంద గ్రాములు, అంటే పూటకి పాతిక గ్రాములు. దాన్నుంచి వచ్చే ఉప్పు అర గ్రాము, నేను వేసింది ఒక్కో గిన్నెకి ముప్పావు గ్రాము అనుకున్నా, మొత్తం గ్రాముంపావు. రోజుకి ఐదు గ్రాముల లోపు ఉండాలంటోంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. నేను రోజూ లాగించిన ఆ సలామీ పిజ్జా ఒక్కదానిలో నాలుగు గ్రాములుంది. ఇక పప్పు సంగతి. పావుకిలోలో దాదాపు 60 గ్రాముల ప్రొటీన్ ఉంది. అంటే పూటకి 15. కడుపు నింపేది అదీ, కూరగాయలూనూ. సాసేజ్ పని వాసనివ్వడం మాత్రమే.

ఈ లెక్క నా సొంత తెలివనుకున్నాను కానీ కాదు. మా అమ్మమ్మ కిలో వంకాయల్లో గుప్పెడు ఎండు రొయ్యలు వేసేది. ఇల్లంతా రొయ్యల వాసన, కంచంలో వెతికితే నాలుగు. ఇంటిల్లిపాదీ "ఇవాళ రొయ్యల కూర" అనేవాళ్ళం. మాంసాన్ని కూరలా కాకుండా పోపులా వాడటం మన ముసలివాళ్ళకి ఎప్పుడో తెలుసు. డబ్బుల్లేక నేర్చుకున్న విద్య అది. డబ్బులొచ్చాక మనం మొదట మరిచిపోయిందీ అదే.

ఏ సాసేజ్ అనేది ఇంకో తలనొప్పి. వీనర్ అనబడే సన్నవాటినే ఇక్కడ జైటెన్‌వుర్స్ట్‌లే అంటారు. వియన్నా వాళ్ళు వీటినే ఫ్రాంక్‌ఫర్టర్ అంటారు. ఫ్రాంక్‌ఫర్ట్‌లో పని నేర్చుకున్న కసాయి ఒకడు 1805లో వియన్నా వెళ్ళి మొదలుపెట్టాడని చెప్తారు. ఎవరి ఊరి పేరు వాళ్ళు పెట్టుకోరన్నమాట. అసలైనదాంట్లో పంది మాంసం ఉంటుంది. మా ఇంట్లో కోడి, మేక తప్ప ఇంకోటి గుమ్మం దాటి రాలేదు. "అందులో ఏముందిరా?" అని అమ్మ అడిగితే "చికెన్ అమ్మా" అన్నాను. కోడి మాంసం రకం దొరుకుతుంది కాబట్టి అబద్ధం కాదనుకున్నా. తర్వాత పట్టిక చదవడం వచ్చాక తెలిసింది, పైన ఆ పల్చటి తొక్క గొర్రె పేగు, కొన్ని కంపెనీలవాటిలో పంది కొవ్వు కూడా కలుస్తుందని. చిన్న అక్షరాల్లో రాసే ఉంటుంది. ఇది అమ్మకి ఇంకా చెప్పలేదు. నాన్నకి చెప్పాను.

అవును, నాన్నకి అన్నీ చెప్పాను. ఫిబ్రవరిలో ఒకరోజు రిపోర్టు ఫోటో తీసి ఆయనకొక్కరికే పంపాను. పంపే ముందు పది నిమిషాలు ఫోన్ చేతిలో పట్టుకు కూర్చున్నాను. నీలి టిక్కులు పడ్డాయి. గంటదాకా జవాబు లేదు. ఆ తర్వాత ఫోన్ చేసి, "నాకు నలభై దాటాక మొదలైందిరా, నీకు అప్పుడేనా?" అన్నారు. గొంతు ఎలాగో ఉంది. "అది నా నుంచే వచ్చుంటుంది" అన్నారు. ఆరేళ్ళుగా ఆయన్ని నిలదీస్తున్నాను, ఆయన నన్ను ఒక్క మాట కూడా అనలేదు. పైగా తప్పు తనదంటున్నారు. "పిజ్జా నీ నుంచి రాలేదులే నాన్నా" అన్నాను. ఇద్దరం కాసేపు నవ్వాం.

ఆ రోజు నుంచి ఆవకాయ గురించి అడగడం మానేశాను. దానికి బదులు ఆదివారం ఏం వండానో చెప్తాను. ఆయన బీపీ ఎంతో ఆయనే చెప్తున్నారు.

ఏప్రిల్లో మళ్ళీ రక్తం తీశారు. ట్రైగ్లిసరైడ్లు 204, ఎల్‌డీఎల్ 141. హెచ్‌డీఎల్ కదల్లేదు. డాక్టరమ్మ "దారిలో పడ్డావు, ఇంకా చేరలేదు" అని ఇంకో ఆర్నెల్లిచ్చింది. ఇదంతా సూపు మహిమ అని చెప్పను. పిజ్జా మానేశాను, కూల్‌డ్రింకులు మానేశాను, రెండు స్టాపుల ముందే ట్రామ్ దిగి నడుస్తున్నాను. సూపు చేసిందల్లా సోమవారం నుంచి గురువారం దాకా రాత్రి ఇంటికొచ్చేసరికి ఫ్రీజర్ తలుపు తెరవాల్సిన అవసరం లేకుండా చేయడమే. కానీ నాలాంటి బద్ధకస్తుడికి అసలు సమస్యే ఆ తలుపు.

మొన్న ఆదివారం నాన్న ఫోన్ చేశారు. అమ్మ నా సూపు చేసిందట. పొట్టుతో ఉన్న మసూర్ పప్పు, కారెట్, ములక్కాడలు, వెనిగర్ బదులు నిమ్మకాయ. సాసేజ్ ప్రసక్తే లేదు కాబట్టి, అమ్మమ్మ లెక్క ప్రకారం గుప్పెడు ఎండు రొయ్యలు.

"ఎలా ఉంది నాన్నా?"

"చప్పగా ఉందిరా. రెండు గిన్నెలు తిన్నాను."

"పక్కన ఏమైనా..."

"ఒక్క బద్ద. చిన్నదే."

ఎండు రొయ్యల్లో ఉప్పు ఎంతుంటుందో చెప్పబోయి, నోరు మూసుకున్నాను.